కామాటిపుర ఖోలీలో ఏసీ: ఎంపిక, బిగింపు, మరమ్మతు

దక్షిణ ముంబయిలో ఫోరస్ రోడ్, ఫాక్‌లండ్ రోడ్, బెలాసిస్ రోడ్ల నడుమ నెంబర్ల గల్లీలుగా పరుచుకున్న పేట కామాటిపుర. హైదరాబాదు రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి 18వ శతాబ్దం చివర మొదలుకొని కట్టుబడి పనులకు వలస వచ్చిన కామాటీలు ఇక్కడ స్థిరపడ్డారు, పేరూ వాళ్ళదే. ఫోరస్ రోడ్ ఇప్పుడు కాగితాల మీద ఆర్.ఎస్. నిమ్కర్ మార్గ్, ఫాక్‌లండ్ రోడ్ పఠ్ఠే బాపూరావ్ మార్గ్. నోటి మాటలో మాత్రం పాత పేర్లే నిలిచాయి. కామాటీల తర్వాత కరీంనగర్, నిజామాబాద్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపుల నుంచి పద్మశాలీలు, ఇతర కులాల వాళ్ళు బట్టల మిల్లుల పనికి వచ్చి ఇక్కడా, వర్లీలో, లోయర్ పరేల్‌లో చాళ్ళలో, అంటే వరుస గదుల భవనాల్లో, కాపురం పెట్టారు.

ఖోలీలనే ఆ చాళ్ళ గదులకు నమ్మకంగా పనిచేసే, చెడితే సులువుగా బాగయ్యే ఏసీని ఎంచుకోవడం ఈ వ్యాస విషయం. ఏ కంపెనీ మంచిదని అడిగితే షోరూములో దొరికేది సగం జవాబే. మిగతా సగం ఖోలీ గోడలో, మెట్ల కింద మీటరు పెట్టెలో, ఔట్‌డోర్ యూనిట్ తగిలించే చోటులో ఉంటుంది. మెకానిక్ చెయ్యి అందని చోట బిగించిన ఏసీ ఎంత పేరున్న కంపెనీదైనా రెండో వానాకాలానికి మొరాయిస్తుంది.

ఉక్క, ఖోలీ

ముంబయి వేసవి తెలంగాణ వేసవి లాంటిది కాదు. కరీంనగర్‌లో మే నెలలో 43 డిగ్రీలు కాసినా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గడ్డి పరదాల కూలరు పనికొస్తుంది. ముంబయిలో ఏప్రిల్, మే నెలల పగటి వేడి చాలా రోజులు 33, 35 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. కానీ సముద్రపు తేమ వల్ల ఒంటి మీది చెమట ఆరదు. అలాంటి గాలిలో కూలరు పెడితే తేమ ఇంకా పెరుగుతుంది, పరుపులు చెమ్మగిల్లుతాయి. ఊరి నుంచి కూలరు తెచ్చుకున్న కుటుంబాలు దాన్ని మాళా (అటక) మీదికి ఎక్కించేది అందుకే. ఇక్కడ ఏసీ చేసే పనిలో పెద్ద భాగం గాలిలోని నీటిని పిండి బయటికి పంపడమే. గది ఎంత చల్లబడిందో చూసుకోవడంతో సరిపోదు, ఎంత ఆరిందో కూడా చూసుకోవాలి.

సాధారణంగా చాల్ ఖోలీ 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉంటుంది. అందులోనే పొయ్యి, మూలన నీళ్ళు వాడుకునే మోరీ, పైన మాళా, గోడ పక్కన మంచం. ముందు అందరూ నడిచే గ్యాలరీ. మరుగుదొడ్లు చాలా భవనాల్లో ఇప్పటికీ ఉమ్మడివే. దూలాలు చెక్కవి, గోడలు కొన్నిచోట్ల పలకల మీద సున్నం పూసినవి. పై అంతస్తులో పెంకులో రేకులో ఉంటే ఎండ తిన్నగా తల మీదికే దిగుతుంది. కింది అంతస్తులో ఎండ తగలదు గానీ గాలి కూడా ఆడదు. ఒకే చాల్‌లో పై గదికీ కింది గదికీ వేర్వేరు లెక్క కట్టాలి.

మిల్లు గాలి

ఏసీ పుట్టింది మనుషుల సుఖం కోసం కాదు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయంలో కాగితం తేమకు సాగి రంగులు చెదిరిపోతుంటే దాన్ని ఆపడానికి విల్లిస్ కారియర్ తొలి ఆధునిక ఏసీని రూపొందించాడు. 1906లో ‘ఎయిర్ కండిషనింగ్’ అన్న మాటను వాడుకలోకి తెచ్చిన స్టూవర్ట్ క్రామర్ బట్టల మిల్లుల ఇంజనీరు. పొడిగాలిలో నూలు తెగుతుంది కాబట్టి మిల్లుల్లో గాలికి కావాలనే తేమ కలిపేవాళ్ళు. ముంబయి మిల్లుల్లో సాంచాల దగ్గర నిలబడ్డ పద్మశాలీ కార్మికులు ఆ తడిగాలిలోనే పాళీలు (షిఫ్టులు) చేశారు. గాలిని అదుపు చేసే యంత్రం వాళ్ళకు మొదట తెలిసింది నూలు కోసం పనిచేసే యంత్రంగానే. నగర జనం డబ్బిచ్చి చల్లగాలిలో కూర్చోవడం సినిమా హాళ్ళతో మొదలైంది. 1933లో కొలాబాలో తెరిచిన రీగల్‌లో అప్పటికే ఏసీ ఉంది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు పని వదిలారు. చాలా మిల్లులు మళ్ళీ నిలదొక్కుకోలేదు. ఆ కుటుంబాల్లో కొన్ని భివండీ పద్మనగర్ మరమగ్గాలకు తరలిపోయాయి, కొన్ని ఊళ్ళకు తిరిగి వెళ్ళాయి, మిగిలినవి చిన్న ఉద్యోగాల్లో, కుట్టుపనిలో, దుకాణాల్లో కుదురుకున్నాయి. ఖోలీకి ఏసీ కొనే స్తోమత వచ్చింది వాళ్ళ పిల్లల తరంలో. నెలసరి కిస్తీల మీద కొనే ఆ ఏసీ చాలా ఇళ్ళలో అతి ఖరీదైన సామాన్లలో ఒకటి. అందుకే ఎంపికలో పొరపాటు జరిగితే ఆ ఇంటికి బరువవుతుంది.

ఎంత టన్ను

ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని, అంటే దాదాపు మూడున్నర కిలోవాట్లను, గదిలోంచి లాగే శక్తి. 120 చదరపు అడుగుల మధ్య అంతస్తు ఖోలీకి 0.8 టన్ను నుంచి 1 టన్ను సరిపోతుంది. రేకుల కింది గదికి, రాత్రి అయిదారుగురు పడుకునే గదికి 1 టన్ను కచ్చితంగా కావాలి, ఒక్కోచోట అదీ చాలదు. రేకుల కింద ముందు సీలింగు వేయించి, సందులు మూయించి, ఆ తర్వాతే ఏసీ మాట తలపెట్టడం మేలు. ఆ ఖర్చు కరెంటు బిల్లులో తిరిగి వస్తుంది.

పెద్దది కొంటే ఇంకా చల్లగా ఉంటుందన్న నమ్మకం ముంబయిలో బెడిసికొడుతుంది. చిన్న గదిలో ఒకటిన్నర టన్ను పెడితే పది నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది. తేమ తీయడానికి దానికి సమయమే చిక్కదు. గది చల్లగానూ జిగటగానూ ఉంటుంది, గోడలకు బూజు పడుతుంది. జూలై రాత్రుల్లో 26 డిగ్రీల దగ్గర డ్రై మోడ్‌లో నడిపితే కరెంటు తక్కువ కాలుతుంది, ఒంటికీ హాయిగా ఉంటుంది. 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల మీద మొదలవ్వాలన్న నియమం ఉంది. దాన్ని 18కి దించినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు, కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది.

ఖోలీలో ఇంకో సంగతి మర్చిపోరాదు. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలి తేదు. పొయ్యి అదే గదిలో ఉంటే వంట చేసేటప్పుడు ఏసీ ఆపి తలుపు తీయాలి. మూసిన గదిలో గ్యాసు మంట వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అది ప్రాణం తీయగలదు.

స్ప్లిట్, విండో

షోరూములో అమ్మేవాడు స్ప్లిట్ వైపే నడిపిస్తాడు. చప్పుడు తక్కువ, కరెంటు తక్కువ అన్నది నిజమే. 2022 జూలైలో అమలైన పట్టికలో 5 స్టార్ల స్ప్లిట్‌కు ఐసీర్ కనీసం 5.0 ఉండాల్సి వచ్చేది, విండోకు 3.5 సరిపోయేది. ఐసీర్ అంటే సీజను మొత్తం మీద ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల వేడిని లాగుతుందన్న లెక్క. అంటే ఆ పట్టికలో 5 స్టార్లకు చాలిన విండో కరెంటు వాడకంలో 3 స్టార్ల స్ప్లిట్‌ను కూడా అందుకోదు. రెండింటి స్టార్లను పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. పట్టికను కొన్నేళ్ళకోసారి బిగిస్తారు కాబట్టి నిరుటి 5 స్టార్లు ఈసారి 4కి దిగవచ్చు. లేబుల్ మీది స్టార్ల కంటే దాని కింద అచ్చేసిన ఐసీర్ అంకె, ఏడాదికి కాలే యూనిట్ల అంకె చదవాలి. ఆ యూనిట్లు ఏడాదికి 1,600 గంటలు నడుస్తుందన్న లెక్కతో కట్టినవి.

అయినా చాల్‌లో విండో ఏసీని తీసిపారేయకూడదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. అంతా ఒకే పెట్టెలో ఉంటుంది, రాగి గొట్టం జాయింట్లు విప్పే పని లేదు, గ్యాసు ఫ్యాక్టరీలో పట్టించి మూసింది. గదిలో నిలబడే విప్పవచ్చు, ఇద్దరు మనుషులు దించవచ్చు. ఖోలీ మారితే అదే రోజు కొత్త గోడలో కూర్చుంటుంది. బరువు మాత్రం 40 కిలోలు దాటుతుంది కాబట్టి పుచ్చిన చెక్క కిటికీ చట్రం దాన్ని మోయలేదు. ఇనుప చట్రం వేయించాలి. రోజుకు మూడు నాలుగు గంటలే నడిపే ఇంటికి, ఏడాదిలోనో రెండేళ్ళలోనో ఖాళీ చేయాల్సిన ఇంటికి విండోయే నప్పుతుంది. రాత్రంతా నడిపే ఇంటికి 1 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది, మేలు.

మీటరు పెట్టె

కొలాబా నుంచి సయన్, మాహిం దాకా నగర భాగానికి కరెంటు ఇచ్చేది బెస్ట్ సంస్థ. కామాటిపుర ఆ పరిధిలోదే. వీధి దాకా వచ్చే కరెంటు బాగానే ఉంటుంది కాబట్టి ఇన్వర్టర్ ఏసీకి చాలా చోట్ల స్టెబిలైజరు అక్కర్లేదు. కష్టమంతా మెట్ల కింది ఉమ్మడి మీటరు పెట్టె నుంచి ఖోలీ దాకా వచ్చే తీగది. రెండు బల్బులు, ఒక ఫ్యాను నాటి తీగ అది. దానికే ఫ్రిజ్, మిక్సీ, గీజరు తగిలించి ఉంటారు. 1 టన్ను ఏసీ నిండుగా లాగేది అయిదారు ఆంపియర్లే, కానీ గంటల తరబడి లాగుతుంది. పాత తీగ వేడెక్కి తొడుగు కరుగుతుంది. మెట్లు, దూలాలు చెక్కవైన భవనంలో ఆ నిప్పు ఒక్క ఖోలీతో ఆగదు.

ఏసీ కొనడానికి ముందు చేయాల్సిన పనులు తేలికైనవే. మంజూరైన లోడు ఎంతో బిల్లు మీద చూసుకుని, చాలకపోతే పెంచమని బెస్ట్‌కు దరఖాస్తు పెట్టాలి. మీటరు నుంచి ఏసీ దాకా విడిగా, జాయింట్లు లేని రాగి తీగ లాగించాలి, దానికి తన సొంత ఎంసీబీ (బ్రేకర్) ఉండాలి. ఎర్తింగు నిజంగా నేలలోకి దిగిందో లేదో పరీక్షింపజేయాలి. చాలా చాళ్ళలో మూడో రంధ్రం పేరుకే ఉంటుంది. బెస్ట్ గృహ టారిఫ్ 100, 300, 500 యూనిట్ల మెట్లతో ఎక్కుతుంది కాబట్టి ఏసీ యూనిట్లు పై మెట్టు ధరలో పడతాయన్నది కూడా లెక్కలో వేసుకోవాలి.

కంపెనీలు

కామాటిపుర వాసులకు ఈ విషయంలో ఒక దగ్గరితనం ఉంది. దేశంలో గదుల ఏసీల అమ్మకాల్లో ఏళ్ళుగా ముందున్న వోల్టాస్, 1954లో టాటా సన్స్, స్విట్జర్లాండ్‌కు చెందిన వోల్కార్ట్ బ్రదర్స్ కలిసి పెట్టిన కంపెనీ. దాని ప్రధాన కార్యాలయం చించ్‌పోక్లీలో ఉంది, ఫోరస్ రోడ్‌కు కొద్ది దూరం. 1943లో మోహన్ టి. అద్వానీ స్థాపించిన బ్లూ స్టార్ కూడా ముంబయిదే. గోద్రెజ్ విక్రోలీది. మరోవైపు తిరుపతి జిల్లా శ్రీసిటీ ఏసీల తయారీ కేంద్రంగా ఎదిగింది. 2023లో అక్కడ డైకిన్ ఫ్యాక్టరీ మొదలైంది, బ్లూ స్టార్‌కూ, హావెల్స్ 2017లో కొన్న లాయిడ్‌కూ అక్కడ ఫ్యాక్టరీలు ఉన్నాయి, 2025 మేలో ఎల్‌జీ శంకుస్థాపన చేసింది. కామాటిపుర గోడ మీది ఏసీ ఇప్పుడు తెలుగు నేల మీద తయారైనదే కావచ్చు.

పెట్టె మీది పేరుకు లోపలి సరుకుకు ఉన్న సంబంధం కొనేవాళ్ళు అనుకున్నంత గట్టిది కాదు. ఆంబర్ వంటి సంస్థలు అనేక బ్రాండ్లకు ఏసీలూ విడిభాగాలూ తయారుచేసి ఇస్తాయి. కంప్రెసర్లు తయారుచేసేవి కొద్ది సంస్థలే: హైలీ, జీఎంసీసీ లాంటివి చాలా మందికి అమ్ముతాయి, ఎల్‌జీ, డైకిన్ లాంటివి సొంతంగా చేసుకుంటాయి. అందువల్ల మొదటి రెండు మూడేళ్ళలో పేరున్న కంపెనీల మధ్య తేడా పెద్దగా కనిపించదు. కనిపించేది మూడో ఏడు దాటాక, పీసీబీ (సర్క్యూట్ బోర్డు) పోయినప్పుడు, కాయిల్ కారినప్పుడు, ఎవరు ఎన్ని రోజుల్లో వచ్చారన్న దానిలో. సర్వీసుకు వచ్చేది సాధారణంగా కంపెనీ ఉద్యోగి కాదు, ఆ ప్రాంతం కాంట్రాక్టు తీసుకున్న ఫ్రాంచైజీ మనిషి. ఒకే బ్రాండుకు అంధేరీలో ఉన్న సర్వీసు ఇక్కడ ఉంటుందన్న భరోసా లేదు.

దానికి పరీక్ష ఒకటుంది. కొనేముందే కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి 400008 పిన్‌కోడ్ చెప్పి, ఇక్కడికి వచ్చే సర్వీసు కేంద్రం ఎక్కడ ఉందో, రెండో అంతస్తు గ్యాలరీ అయితే మనిషి ఎక్కుతాడో లేదో అడగాలి. తర్వాత అదే గల్లీలో నాలుగేళ్ళకు పైగా ఏసీ వాడుతున్న ఇంటికి వెళ్ళి, చెడినప్పుడు ఎన్ని రోజులు ఆగారో అడగాలి. ఇంటర్నెట్‌లో పెట్టిన రేటింగుల కంటే పక్క చాల్‌లో ఉండే అత్తమ్మ చెప్పే మాట ఇక్కడ విలువైనది. మూడోది, పేటలో పనిచేసే మెకానిక్‌ను ఏ కంపెనీ పీసీబీ లామింగ్టన్ రోడ్‌లో బాగవుతుందో, ఏ కంపెనీ సామాను తెప్పించాలంటే వారాలు పడుతుందో అడగడం. లామింగ్టన్ రోడ్ ఎలక్ట్రానిక్ దుకాణాలు నడిచిపోయే దూరంలో ఉండటం ఈ పేటకు పెద్ద వరం.

ఈ మూడు ప్రశ్నలకూ మంచి జవాబు వస్తే వోల్టాస్, ఎల్‌జీ, బ్లూ స్టార్, డైకిన్‌లలో దేన్నైనా నిశ్చింతగా కొనవచ్చు. ఇవి ముంబయిలో విరివిగా అమ్ముడవుతాయి, వీటిని విప్పి చూసిన మెకానిక్‌లు చాలామంది ఉన్నారు. గోద్రెజ్, లాయిడ్, పానాసోనిక్, హిటాచీ కూడా పక్కన పెట్టదగినవి కావు, కానీ ఆ ఫోన్ చేశాకే నిర్ణయించాలి. హిటాచీ గృహ ఏసీల వ్యాపారం 2025లో బాష్ చేతికి వెళ్ళింది. ఇలా చేతులు మారినప్పుడు పాత వారంటీ ఎవరు తీరుస్తారో కాగితం మీద చూసుకోవాలి. ఒక్క సీజను కోసం చౌకగా వచ్చిన, సర్వీసు నెంబరు లేని కొత్త పేర్లను ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు.

ఇన్వర్టర్ ఏసీకీ పాత పద్ధతి ఏసీకీ మరమ్మతులో ఉన్న తేడా కూడా తెలిసి ఉండాలి. పాత పద్ధతి ఏసీలో ఎక్కువసార్లు పోయేది కెపాసిటర్, కొన్ని వందల రూపాయల్లో ఏ మిస్త్రీ అయినా మారుస్తాడు. దాని బోర్డు పోయినా అన్నిటికీ సరిపడే బోర్డు బజారులో దొరుకుతుంది. ఇన్వర్టర్ ఔట్‌డోర్ బోర్డు ఆ మోడల్‌కే సరిపోతుంది, పోతే వేలల్లో ఖర్చు. కరెంటు ఆదా అయినదంతా ఒక్క బోర్డుతో పోవచ్చు. అందుకే ఇన్వర్టర్ కొంటే పీసీబీకి అయిదేళ్ళ వారంటీ ఉన్న మోడలే కొనాలి. కంప్రెసర్‌కు పదేళ్ళు అన్న పెద్ద అక్షరాల కంటే ఆ చిన్న అక్షరాల వాక్యం ముఖ్యం, ఎందుకంటే చాలాసార్లు కంప్రెసర్ కంటే ముందు బోర్డే పోతుంది.

గ్యాసు

ఇప్పుడు కొత్త ఏసీల్లో ఎక్కువగా ఉండేది ఆర్-32. దానికి ముందు ఆర్-410ఏ, అంతకు ముందు ఆర్-22. ఓజోన్ పొరను దెబ్బతీసే ఆర్-22 జాతి వాయువులను మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దేశాలు వదిలించుకుంటున్నాయి. 2025 జనవరి నుంచి మన దేశంలో కొత్త యంత్రాల తయారీలో వాటి వాడకం ఆగింది. భూమిని వేడెక్కించే శక్తిలో ఆర్-410ఏ అంకె 2,088, ఆర్-32 అంకె 675, గోద్రెజ్ కొన్ని ఏసీల్లో తెచ్చిన ఆర్-290, అంటే ప్రొపేన్, అంకె 3.

మరమ్మతు వైపు నుంచి చూస్తే ఆర్-32 మేలు. అది ఒకే వాయువు, కొంత కారితే మిగతాది నింపవచ్చు. ఆర్-410ఏ రెండు వాయువుల మిశ్రమం కాబట్టి కారినప్పుడు ఉన్నది తీసేసి తూకం ప్రకారం మొత్తం కొత్తగా పట్టించడమే సరైన పద్ధతి. అయితే ఆర్-32 కొద్దిగా మండే గుణం ఉన్నది, ఆర్-290 బాగా మండేది. పొయ్యి ఉన్న ఖోలీలో ఆర్-290 ఏసీని కంపెనీ శిక్షణ పొందిన మనిషి తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. ఏ వాయువైనా గ్యాసు పట్టించే ముందు వెల్డింగు మంట వెలిగించే మెకానిక్‌ను కిటికీ తలుపులు తెరిపించి, పొయ్యి ఆపించి, ఇంట్లోవాళ్ళను గ్యాలరీలోకి పంపించి పని చేయమనాలి.

గ్యాసు తనంతట తాను అయిపోదు. అది కాలే ఇంధనం కాదు, మూసిన గొట్టంలో తిరుగుతూ ఉండాల్సింది. ఏటా గ్యాసు పట్టించాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ముందు నైట్రోజన్ ఒత్తిడి పెట్టి సబ్బు నురుగుతో కారే చోటు పట్టుకుని, మూసి, వాక్యూమ్ పంపుతో గాలీ తేమా లాగి, అప్పుడు తూకం వేసి పట్టించాలి. పంపు లేకుండా గ్యాసుతోనే గాలిని తరిమే మెకానిక్ కంప్రెసర్ ఆయుష్షు తగ్గిస్తున్నట్టే. ఆ పని వద్దని చెప్పే హక్కు డబ్బు ఇచ్చేవాళ్ళది.

ఔట్‌డోర్ ఎక్కడ

కామాటిపురలో ఏసీల కష్టాలన్నీ చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి. రెండు భవనాల వెనుకవైపుల మధ్య మురుగు గొట్టాలు దిగే సన్నని సందును ఇక్కడ హౌస్ గల్లీ అంటారు. ఎవరికీ కనిపించదని ఔట్‌డోర్‌ను అక్కడ తగిలిస్తారు. యంత్రానికి అంతకన్నా చెడ్డ చోటు లేదు. గాలి ఆడక వేడి అక్కడే తిరుగుతుంది, పై అంతస్తుల చెత్త మీద పడుతుంది, మురుగు నుంచి వచ్చే గంధకపు వాయువులు రాగిని తింటాయి. ముంబయిలో కాలవల దగ్గరి ఇళ్ళలో రెండు మూడేళ్ళకే కాయిళ్ళు చిల్లులు పడటానికి ముఖ్య కారణం అదే. సముద్రపు ఉప్పుగాలి అల్యూమినియం రెక్కలను పొడి చేస్తుంది. అందుకే కాయిల్ మీద రక్షణ పూత ఉన్న మోడల్‌కు కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. అన్నిటికీ మించి, ఆ సందులోకి దిగి రిపేరు చేయడానికి ఏ మెకానిక్ ఒప్పుకుంటాడు? ఒప్పుకున్నా అతన్ని దింపడం న్యాయమా?

గ్యాలరీలో పెడితే మెకానిక్‌కు సుఖం, ఇరుగుపొరుగుకు కష్టం. ఖోలీలోంచి లాగిన వేడంతా నడిచే దారిలోకి, ఎదుటి తలుపులోకి కొడుతుంది. ఏసీ లేని ఇల్లు పక్కింటి ఏసీ వేడిని భరించాలి. మూడున్నర అడుగుల గ్యాలరీలో రాత్రి చాప పరుచుకుని పడుకునే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. గ్యాలరీలో పెట్టక తప్పకపోతే తల ఎత్తుకు పైన, గాలి వీధి వైపు కొట్టేలా, చాల్ కమిటీని అడిగి పెట్టాలి. వీధి వైపు బయటి గోడే అన్నిటికన్నా మంచి చోటు, ఆ గోడ మోయగలిగితే.

మోయగలదా అన్నది తేలికగా తీసుకునే సంగతి కాదు. ఔట్‌డోర్ 25 నుంచి 35 కిలోలు ఉంటుంది, రోజంతా అదురుతుంది. సున్నం గోడలో ప్లాస్టిక్ గూటాలు కొట్టి స్క్రూలు బిగిస్తే నాలుగు వానాకాలాలకు వదులవుతాయి. 2024 ఆగస్టులో ఢిల్లీ కరోల్ బాగ్ దగ్గర పైనుంచి ఔట్‌డోర్ యూనిట్ పడి ఒక యువకుడు చనిపోయాడు. గోడకు ఆవలివైపు ప్లేటు వేసి గోడలోంచి ఆవలికి దిగే బోల్టులతో, జింకు పూసిన లేదా స్టెయిన్‌లెస్ బ్రాకెట్‌తో బిగించాలి. ఏటా మే నెలలో, వానలకు ముందు, తుప్పు చూడాలి. కామాటిపురలో చాలా భవనాలు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా మరమ్మతు మండలికి సెస్ కట్టేవి. గోడకు రంధ్రం పెట్టే ముందు యజమానినీ, భవనం పరిస్థితి అనుమానంగా ఉంటే మండలినీ అడగాలి.

నీళ్ళ గొట్టం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాళ్ళలో ఏసీ తగాదాలు అక్కడే మొదలవుతాయి. ముంబయి తేమలో 1 టన్ను ఏసీ గంటకు లీటరు దాకా నీళ్ళు వదులుతుంది. దాన్ని గ్యాలరీలోకి వదిలితే కింది ఇంటి ముందు రోజంతా చుక్కలు పడతాయి. వాలు సరిగా ఇచ్చి గొట్టాన్ని తమ మోరీలోకే దింపుకోవాలి.

పాత ఏసీలు

చోర్ బజార్ పక్కనే ఉన్న పేటలో పాత ఏసీ సగం ధరకు చూపించేవాళ్ళు తప్పక ఎదురవుతారు. లేబుల్ మీద ఆర్-22 అని ఉంటే తీసుకోవద్దు, ఆ గ్యాసు రానురాను అరుదవుతుంది. లేబుల్ చెరిపేసి ఉన్నా తీసుకోవద్దు. తయారై అయిదేళ్ళ లోపుదైన విండోను ఎదురుగా అరగంట నడిపి చూసి కొంటే కొనవచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో కొత్తదానికీ పాతదానికీ మధ్య తేడా కొంత తగ్గింది.

మారబోయే ఇల్లు

కామాటిపురలో సుమారు 34 ఎకరాల్లో, 900కు పైగా సెస్ భవనాలను కూల్చి కట్టే పునర్నిర్మాణ పథకం మ్హాడా చేతిలో ఉంది. వర్లీ బీడీడీ చాళ్ళలో ఆ పని ముందే మొదలైంది. 160 చదరపు అడుగుల గదుల్లో ఉన్నవాళ్ళకు 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలు 2025 ఆగస్టులో ఇవ్వడం మొదలైంది. కామాటిపుర కుటుంబాలు ఈ మధ్యలో ట్రాన్సిట్ క్యాంపుకో అద్దె ఇంటికో మారాల్సి రావచ్చు. అంటే ఇప్పుడు కొనే ఏసీని దాని ఆయుష్షులో ఒకటి రెండుసార్లు విప్పి బిగించాల్సి వస్తుంది.

స్ప్లిట్‌ను విప్పేటప్పుడు గ్యాసును గాలిలోకి వదలకుండా ఔట్‌డోర్‌లోకి లాగి మూయించాలి, మెకానిక్‌లు దాన్ని పంప్ డౌన్ అంటారు. అది చేయకపోతే కొత్త ఇంట్లో గ్యాసు ఖర్చు మళ్ళీ మొదటి నుంచి. పాత రాగి గొట్టాలను వంచి వాడితే నలిగిన చోట కారుతుంది. రేపటి పెద్ద ఫ్లాట్ కోసమని ఇప్పుడే ఒకటిన్నర టన్ను కొనడం కూడా మంచి లెక్క కాదు. ఇప్పటి 1 టన్ను ఏసీ ఆ ఫ్లాట్‌లో చిన్న పడకగదికి సరిగ్గా సరిపోతుంది.

వారంటీ, ఫిర్యాదు

కొన్న రోజే జీఎస్టీ బిల్లు తీసుకోవాలి. బిల్లు లేకుండా వెయ్యి రూపాయలు తగ్గిస్తానంటే ఒప్పుకోవద్దు. ఇండోర్, ఔట్‌డోర్ రెండింటి సీరియల్ నెంబర్లూ ఫోటో తీసి, కంపెనీ దగ్గర వారంటీ నమోదు చేయించాలి. బిగించినవాడి పేరు, తేదీ రాయించుకోవాలి. ఎందుకంటే బిగింపు లోపమని చెప్పి వారంటీ తప్పించుకునే సందర్భాలు ఉంటాయి. ఏ కంపెనీ సామాను, సర్వీసు వివరాలు ఎలా ఇస్తుందో చూడటానికి కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది.

సర్వీసు మనిషి రాకపోతే, వచ్చి చేయని పనికి డబ్బు అడిగితే, మొదట కంపెనీకి ఫిర్యాదు పెట్టి దాని నెంబరు రాసుకోండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు విలువైన వస్తువుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, తగాదా పుట్టిన రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి.